కాపుగారికి వినపడని విమానం

పట్టపుపాళెంలో ముత్యాలయ్యకు రెండు చెవులున్నాయి. ఇందులో విశేషమేముందని నవ్వకండి. మిగతా ఊరికి ఉన్నవి చెవులే కావనీ, బీడీ దోపుకోవడానికి దేవుడు తగిలించిన కొక్కేలనీ ముత్యాలయ్య గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని అతను ఎవరి దగ్గరా దాచలేదు.

తోటపల్లి గూడూరుకు తూర్పుగా, ఇసక తప్ప ఇంకేమీ పండని చోట, సముద్రానికి ముఖం పెట్టి కూర్చున్న నూరు గుడిసెలు ఆ ఊరు. కచిడి చేప తీరానికి వచ్చే రోజుల్లో, పొద్దు వాలే వేళకు ముత్యాలయ్య తెప్ప మీద లోపలికి పోతాడు. తెడ్డు ఆకును నీళ్లలో నిటారుగా దించి, పిడి కొసను చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుంటాడు. కింద కచిడి మంద ఉంటే ఆ గురగుర కర్రలో పాకి ఎముకలోకి వస్తుంది. కప్ప బెకబెక కాదు, పంది గుర్రు కాదు. విందు భోజనం చేసిన వియ్యంకుడు పడక్కుర్చీలో త్రేన్చినట్టుంటుంది. ఆ త్రేన్పును బట్టి మంద ఎటు పక్క ఉందో, ఎంత లోతున ఉందో చెప్పి ముత్యాలయ్య చెయ్యి ఎత్తుతాడు. నాలుగు తెప్పలవాళ్లు వల చుడతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఊరికి కచిడి పడుతున్నది వలలో కాదు, ముత్యాలయ్య చెవిలో.

ఆ చెవి మీదికి పంతొమ్మిది వందల అరవై ఏడులో విమానం వచ్చింది. ఓట్ల మైకులు ఆగిపోయాయి కదా, ఇక ప్రశాంతంగా ఉండొచ్చని జనం అనుకున్న వారానికే వచ్చింది. మద్రాసులో ఓ కంపెనీవాళ్లు విమానాలకు కొత్త ఇంజను మరలు బిగించి, బాగున్నాయో లేదో చూడడానికి తీరం వెంబడి ఎగరేస్తున్నారట. ఎగరేస్తే ఎగరేశారు. సరిగ్గా కచిడి త్రేన్చే వేళకే, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తున, సముద్రం నెత్తి గోకుతూ పోవడమెందుకు? అది అలా పోగానే కింద చేపలన్నీ ఒక్కసారి నోరు మూసుకుంటాయి. మళ్లీ చీకటి పడేదాకా విప్పవు. చేప అక్కడే ఉంటుంది. ఎక్కడుందో చెప్పే గొంతే ఉండదు. వరసగా పంతొమ్మిది సాయంత్రాలు తెప్పలు తడి వలలతో తిరిగొచ్చాయి.

ముత్యాలయ్య నెల్లూరు పోయి కలెక్టరు కచేరీలో కాగితం పెట్టాడు. గుమాస్తా దాన్ని తీసుకుని, "వినతిపత్రమా?" అన్నాడు.

"ఇనేవాడు ఒక్కడూ కనపడలేదు గదా సామీ, ఇనతి ఎట్టా అవుతాది? ఉత్త పత్రం అని రాసుకోండి" అన్నాడు ముత్యాలయ్య.

ఆ ఉత్త పత్రానికి జవాబుగా పదిహేను రోజుల తర్వాత ఊళ్లోకి జీపు వచ్చింది. జీపులోంచి తోలుపెట్టె ఒకటి, దాని వెనక రంగనాయకులు అనే అధికారి దిగారు. పెట్టె జాగ్రత్తగా దిగింది. అధికారి ఇసకలో బూటు దిగబడి, మోకాళ్ల మీద దిగాడు. నలభై ఏళ్ల మనిషి, తెల్లచొక్కా, నెత్తిన బుట్టలాంటి టోపీ. విమానాల మోత కొలవడం ఆయన ఉద్యోగం. కొలిచేవాడికి మానం ఉన్నా లేకపోయినా చేతిలో కొలమానం మాత్రం ఉందని ముత్యాలయ్య ఆ పెట్టెను చూసి అనుకున్నాడు.

"ఇదిగో ముత్యాలయ్యా, ఇది నీ ఒక్కడి గోల కాదు" అన్నాడు రంగనాయకులు ఇసక దులుపుకుంటూ. "లోకమంతా విమానాల మోతతో విసిగిపోయింది. పెద్ద పెద్ద దేశాలవాళ్లు కూర్చుని, విమానం ఇంతకు మించి మోత చెయ్యకూడదని ప్రమాణాలు రాస్తున్నారు. మించితే సర్టిఫికెట్టు లేదు. సర్టిఫికెట్టు లేకపోతే ఎగరడమే లేదు. మనం వెనకబడకూడదని ముందుగానే మొదలుపెట్టాం. ఈ కంపెనీవాళ్లు మెత్తటి మర తెచ్చారు. పొగ వదిలే గొట్టం మూతిని పువ్వురేకుల్లా కత్తిరించారు. మోత సగానికి తగ్గిందంటున్నారు."

"మూతి కత్తిరిస్తే మోత తగ్గుతాదా సామీ? మా ఆడోళ్లకు మూతి ఎంత తిప్పినా మోత తగ్గలేదే!"

ముత్యాలయ్య పెళ్లాం అంకాలమ్మ చేపల బుట్ట దించి చూసింది. కోవూరు సంతలో ఆమె 'చేపలో' అని కేకేస్తే పెన్న ఇవతల నెల్లూరులో బేరానికి దిగుతారని పేరు. "నీ మూతి ఎవురు కత్తిరించాల్రా నాయనా" అని మళ్లీ బుట్ట ఎత్తుకుంది.

"ప్రమాణాల ప్రకారం అంతా తేలుతుంది" అన్నాడు అధికారి.

"మాకు ప్రమాణమంటే గుళ్లో అంకమ్మ తల్లి ముందర చేసేదే. తప్పితే కండ్లు పోతాయి. మీ ప్రమాణం తప్పితే ఏం పోతాది సామీ?"

"ఏమీ పోదు. మళ్లీ పరీక్ష పెడతాం."

"అదే అనుకున్నా. పోయేది చెవులు, అవీ మాయి."

రంగనాయకులు ఆ మాట విననట్టు నటించాడు. ఆ నటనలో ఆయనకు మంచి సాధన ఉంది. తేలిన సంగతి మాత్రం ఇది. విమానం పరీక్షలో నెగ్గితే ఇకమీదట రోజూ సాయంత్రం రెండు విమానాలు ఇదే దారిన పోతాయి, దారి ఖాయం. ఓడినా, పరీక్ష ఇక్కడ కుదరకపోయినా, దారి మారుస్తారు. పరీక్ష రెండు రకాలు. ముందు మనుషుల చెవులతో, తర్వాత పెట్టెలోని యంత్రంతో.

చెవుల పరీక్షకు పదిమంది కావాలన్నాడు. 'సామాన్య శ్రోతలు' అన్నాడు వాళ్లను. ఊళ్లో అంతకన్నా సామాన్యులు దొరకరు కాబట్టి ఆ పని చిటికెలో అయిపోయింది. ఇసకలో పదిమందినీ వరసగా కూర్చోబెట్టి, తలా ఒక కొబ్బరిచిప్ప, అయిదు గవ్వలు ఇచ్చారు. విమానం పోయాక, మోత భరించలేకపోతే అయిదు గవ్వలూ చిప్పలో వెయ్యాలి. కాస్త ఇబ్బందైతే రెండో మూడో. ఇబ్బందే లేకపోతే చిప్ప ఖాళీగా ఉంచాలి.

వరసలో మొదటివాడు పెదకాపు కామాక్షయ్య. చివరివాడు ముత్యాలయ్య.

ఇక్కడ ఆ ఊరి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. పట్టపుపాళెంలో కాపు మాటే చట్టం. ఆయన నలుగురిలో అన్నమాటకు దురాయి అని పేరు. దురాయి పడ్డాక ఎదురు చెప్పినవాడు తెప్ప ఎక్కడానికి లేదు, వాడి ఇంటికి నిప్పూ నీళ్లూ ఇచ్చేవాళ్లు లేరు. ఒకసారి అన్నాక కాపు కూడా దాన్ని వెనక్కి తీసుకోలేడు. ఇక రెండో ముక్క, కామాక్షయ్యకు ఏడేళ్లుగా చెవుడు. పిడుగు పడ్డా తల తిప్పడు. కాపుకు చెవుడని అనడం కాపు మాట చెల్లదని అనడమే కాబట్టి, ఏడేళ్లుగా ఒక్కడూ ఆ మాట అనలేదు. అనకపోగా అందరూ ఆయన ముందు గొంతు పెంచారు. పెంచి పెంచి, పక్కింట్లో ఉప్పు అడగాలన్నా దండోరా వేసినట్టు అడగడం ఊరికి అలవాటైపోయింది. కాపు మాత్రం తన మీద మర్యాద కొద్దీ జనం అంతంత నోళ్లు తెరుస్తున్నారనుకుని, అన్నింటికీ గంభీరంగా తలూపేవాడు.

విమానం వచ్చింది. మెత్తటి మర కలది, పువ్వురేకుల మూతి కలది. ఆ పువ్వు పరిమళానికి అంకాలమ్మ మేక పలుపు తెంపుకుని సముద్రం వైపు పరుగెత్తింది. గుడిసెల కప్పుల్లోంచి పాతదుమ్మంతా రాలింది. గంగులయ్య నోట్లో బీడీ నోట్లోనే ఆరిపోయింది. ఈ గంగులయ్య కాపుకు మేనల్లుడు. ఆయనకు సైగలతో సంగతులు చెప్పే ఉద్యోగం వాడిది. రంగనాయకులు స్వయంగా రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని, అది పోయాక తీసి, "ఊఁ, నిజాయితీగా చెప్పండి" అన్నాడు.

గంగులయ్య కాపుకు చిప్ప చూపించి సైగ చేశాడు. కామాక్షయ్య పచ్చి నిజాయితీపరుడు. ఆకాశం వైపు చూసి, సముద్రం వైపు చూసి, గవ్వలు ఇసకలో పెట్టేశాడు.

"కనపడింది గానీ ఇనపడలా" అన్నాడు. "చీమ చిటుక్కుమన్నట్టు గూడా లేదు."

అంతే, దురాయి పడింది. రెండోవాడు చిప్ప ఖాళీగా పెట్టాడు. మూడోవాడు ఖాళీ. నాలుగో మనిషికి చెవుల్లో ఇంకా గుయ్యిమంటోంది, అధికారి మాట వినపడక రెండుసార్లు అడిగించుకుని మరీ, "నాకేమీ ఇనపడలేదు సామీ" అన్నాడు. ఖాళీ, ఖాళీ, ఖాళీ. ముత్యాలయ్య గుప్పిట్లో అయిదు గవ్వలు చెమటకు తడిశాయి. వరస చివరనుంచి ఆ తొమ్మిదిమంది మెడలనూ చూశాడు. గొర్రెల మందలోనైనా దారిలో ఓ గొర్రె తప్పిపోతుందే, వీళ్లలో తప్పిపోయేపాటి తెలివైనా లేదే అనుకున్నాడు. ఈలోగా తన వంతు వచ్చింది. కాపు తల తిప్పి చూశాడు. తొమ్మిది తలలూ తిరిగాయి.

ముత్యాలయ్య గవ్వల్ని మొలలో దోపుకున్నాడు. చిప్ప ఖాళీగా పెట్టాడు.

"ఏకగ్రీవం!" అన్నాడు రంగనాయకులు పెన్ను తీస్తూ. ఏకగ్రీవమంటే ఒకే మెడ అని అర్థం. పది తలలకు ఒకే మెడ, ఆ మెడ మీద రెండు పనిచెయ్యని చెవులు. కాగితం మీద పది వేలిముద్రలు పడ్డాయి. సముద్రం అడుగున చేప త్రేన్పు వినగలిగిన మనిషి, నెత్తిమీద ఇనపదయ్యం పోతే వినలేదని పదో వేలిముద్ర వేశాడు.

విమానం పోయింది, అవమానం మిగిలింది. ఇంటికి రాగానే అంకాలమ్మ అందుకుంది.

"అర్జీ పెట్టినోడివి నువ్వే, ఇనపడలేదని ఏలు అద్దినోడివీ నువ్వే. ఆ ఏలు ముందే చెవిలో పెట్టుకోని ఉంటే సరిపోయుండె గదయ్యా! నెల్లూరు దాకా తిరిగిన కాళ్లన్నా మిగిలుండు."

"కాపు అన్నాక ఏమంటామే?"

"ఊరందరివీ కొక్కేలంటివే. నీయేంది మరి?"

ముత్యాలయ్య బీడీ ఒకటి తీసి, వెలిగించకుండానే చెవికి దోపుకున్నాడు. 

మర్నాడు అతను అధికారిని బతిమాలి, "మా ఇబ్బంది గట్టు మీద కాదు సామీ, నీళ్ల మీద. ఒక్కసారి వచ్చి ఇనండి" అని తెప్ప ఎక్కించాడు. రంగనాయకులు మొదటి అలకు టోపీ, రెండో అలకు మధ్యాహ్నం తిన్నదీ సముద్రానికి సమర్పించి, చివరికి తెడ్డు పిడిని చెవి వెనక పెట్టించుకున్నాడు. పాపం, ముఖం మారిపోయింది.

"ఏదో... గురక! కింద ఎవరో గురకపెడుతున్నారు!"

"కచిడి సామీ. పెద్ద మంద. ఇనండి, అట్టాగే ఉండండి."

విమానం వచ్చింది, నెత్తిమీద నుంచి పోయింది. రంగనాయకులు చెవి తియ్యలేదు. నిముషం, రెండు నిముషాలు, అయిదు.

"ఇప్పుడేం ఇనపడతా ఉండాది సామీ?"

"ఏమీ లేదు. ప్రశాంతంగా ఉంది."

"చూసినారా! అదీ నేను చెప్పేది!"

"నాకూ అర్థమైంది" అంటూ రంగనాయకులు తడిసిన పుస్తకంలో రాసుకుని పైకి చదివాడు. "విమానం రాకముందు నీటిలో శబ్దం ఉంది. విమానం వెళ్లిన తర్వాత లేదు. కాబట్టి విమానం వల్ల సముద్రంలో శబ్దం తగ్గినట్టు గమనించడమైనది."

ముత్యాలయ్య ఆయన్ని చాలాసేపు చూశాడు. మనిషిని సముద్రంలోకి తొయ్యడానికి ఎంత బలం కావాలో అంచనా వేస్తున్నవాడి చూపు అది. "అవి నోరు మూసుకున్నాయి సామీ. భయపడి. గొంతు పిసికితే వచ్చే ప్రశాంతం అది."

"ప్రమాణాల్లో శ్రోత అంటే మనిషి. చేపల ప్రస్తావన లేదు" అన్నాడు రంగనాయకులు. "ఇక ఎల్లుండి యంత్రం పెడతాను. అది అబద్ధమాడదు. అయితే ఒక నియమం ఉంది. చుట్టుపక్కల సద్దు విమానం మోతకన్నా బాగా తక్కువ ఉండాలి. ఎక్కువైతే ఆ అంకె చెల్లదు, పరీక్షే కుదరదు. మీ ఊరు మామూలుగా మాట్లాడుకుంటేనే యంత్రంలో ముల్లు చివరికంటా పోతోంది. అందుకే మీ కాపుకు చెప్పించాను. ఎల్లుండి పొద్దు వాలే వేళ ఒక గంటసేపు ఎవరూ నోరు విప్పకూడదని దురాయి వేశాడు. చాలా మంచి మనిషి. ఏది చెప్పినా కాదనడు."

చెప్పింది గంగులయ్య, మూతి మీద వేలు పెట్టి. ఒప్పుకుంది కాపు, అలవాటు కొద్దీ తలూపి.

మరుసటి సాయంత్రం ముత్యాలయ్య కాపు గుడిసె ముందుకు పోయి తెడ్డు చూపించాడు, సముద్రం చూపించాడు. కామాక్షయ్య సముద్రం మీదికి పోయి ఏడేళ్లయింది. రమ్మని పిలిచేవాడు లేక వెళ్లలేదు, అంతే. అంగవస్త్రం నడుముకు బిగించి, పిల్లవాడిలా ముందు నడిచాడు.

లోపలికి పోయాక ముత్యాలయ్య తెడ్డు దించి, పిడి కొసను ఆయన చెవి వెనక ఎముకకు నొక్కి పట్టుకున్నాడు. చెవి చెడ్డా ఎముక చెడదని అతని ఆశ. కాసేపు కాపు ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత కళ్లు పెద్దవయ్యాయి. పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒరే అల్లుడా" అన్నాడు, గాలికి కూడా చెప్పకూడని రహస్యంలా. "త్రేన్స్తా ఉండాయిరా!"

ఏడేళ్ల తర్వాత ఆ తలలోకి దిగిన మొదటి శబ్దం అది. ముసలాయన కళ్లనుంచి నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. ముత్యాలయ్య వేరేవైపు చూశాడు. ఇంకొకరి ఏడుపు చూస్తే వెటకారం చెడిపోతుందని అతని భయం.

అప్పుడు విమానం వచ్చింది. కాపు ఒళ్లు జలదరించింది. ఆ ఇనపగర్జన కర్రలో పాకి ఎముకలో పడింది. పోయింది. దాని వెనక ఏమీ లేదు.

"పోయినాయిరా! మళ్లా పోయినాయి నా చెవులు!" కామాక్షయ్య పిడిని ఎముకలోకి గుచ్చుకుంటున్నాడు. "ఇప్పుడే ఇచ్చి ఇప్పుడే తీసుకుంటివే అంకమ్మా!"

ముత్యాలయ్య తెడ్డును నీళ్లలోంచి ఎత్తి, ఆకు అంచును తన పళ్ల మధ్య పట్టుకుని, పిడి ఆయన ఎముక మీదే ఉంచి, కర్రలోకి మాట్లాడాడు. "నీ చెవులు పోలేదు మామా. చేపలు నోరు మూసుకున్నాయి. ఆ విమానానికి."

కామాక్షయ్య కొయ్యబారిపోయాడు. మనిషి మాట విని కూడా ఏడేళ్లే. పిడి వదలకుండానే అడిగాడు. "మొన్న గట్టు మీద గూడా ఇంత మోతా చేసింది?"

"ఇంతకు పదింతలు."

"మీకందరికీ ఇనపడిందా?"

"ఇనపడింది మామా."

"మరి ఒక్కడూ గవ్వ ఎయ్యలేదే?"

"నువ్వు ఎయ్యలేదు గదా."

తెప్ప ఊగుతోంది. కాపు అడగవలసింది ఇంకొకటి ఉంది. అడగడానికి కష్టపడుతున్నాడు. "నాకు ఇనపడదని... మీకు ఎన్నాళ్లుగా తెలుసురా?"

ముత్యాలయ్య పళ్లు ఆకు మీద బిగుసుకున్నాయి. "ఏడేండ్లు."

"థూ!" అన్నాడు కామాక్షయ్య. ఉమ్మి సముద్రంలో పడింది గానీ ఊరంతటికీ తగిలింది. "ఏడేండ్లు నేను తలూపతా ఉండా, మీరు తలూపతా ఉండారు. దీన్ని ఊరంటార్రా? తలకాయల తోట. నువ్వు గూడానా ముత్యాలయ్యా? చెవి ఉండేవాడివి!"

రేపు సద్దు ఎక్కువైతే పరీక్ష చెల్లదనీ, చెల్లకపోతే విమానం దారి మారుతుందనీ ముత్యాలయ్య కర్రలోకి చెప్పి, తెప్పను ఒడ్డు వైపు తిప్పాడు.

"రేపు నోరు మూసుకోవాలని దురాయి ఏసినానే" అన్నాడు కాపు, ఒడ్డు కనపడుతుంటే. "వెనక్కి తీసుకునేదానికి లేదు." ఇంకాస్త దూరం వచ్చాక ముసలాయన ముఖంలో ఓ ముడత కదిలింది. "నోరు ఇప్పొద్దు అన్నాను గానీ, చేతులు కట్టుకోమని అన్నానా?"

మర్నాడు పొద్దు వాలే వేళకు రంగనాయకులు ఇసకలో మూడుకాళ్ల పీట మీద పెట్టె తెరిచాడు. ఊరు ఊరంతా తీరాన నిలబడింది, మూతులు బిగించుకుని. చంటిపిల్లల్ని చంకల్లో అదిమిపెట్టారు. అంకాలమ్మ నోట్లో చెంగు కుక్కుకుంది. ఆమె మౌనం చూడడానికే రెండు పాళేలనుంచి జనం వచ్చారు. అల సద్దు తప్ప ఇంకేమీ లేదు. "అద్భుతం!" అన్నాడు అధికారి. "ఇంత క్రమశిక్షణ మద్రాసులో కూడా చూడలేదు." ముల్లు కిందికి దిగి బుద్ధిగా కూర్చుంది.

దక్షిణాన విమానం చుక్కలా కనపడింది. కామాక్షయ్య చెయ్యి ఎత్తాడు.

నీళ్లలో చేపను వల వైపు తరమడానికి తెప్ప దుంగల మీద తెడ్లతో బాదడం ఆ ఊరి మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇసక మీద బోర్లించిన తెప్పల మీద ఒక్కసారిగా అరవై తెడ్లు పడ్డాయి. ఆడవాళ్లు ఇత్తడి బిందెలు గరిటెలతో అందుకున్నారు. ఒక్క నోరు విప్పితే ఒట్టు. బిగించిన పెదాలు, ఎర్రబడిన ముఖాలు, ఆడుతున్న చేతులు. దాదాపు నలభై రోజుల ఖాళీ వలలన్నీ ఆ దుంగల మీద పడ్డాయి. ముల్లు చివరికంటా పోయి అక్కడే వణుకుతూ నిలబడింది. విమానం నెత్తిమీద నుంచి పోతే ఎవరికీ తెలియలేదు. మొదటిసారిగా అది నిజంగా నిశ్శబ్దంగా పోయింది.

"ఆపండి!" రంగనాయకులు పరుగులు పెట్టాడు. "ఎవరు చెప్పారు మీకు? ముత్యాలయ్యా, నువ్వైనా చెప్పు!"

ముత్యాలయ్య ఎంతో మర్యాదగా మూతి మీద వేలు పెట్టుకుని, కాపు వైపు చూపించాడు. దురాయి, సామీ. కాపు ముందు చేతులు ఊపుతూ అధికారి ప్రమాణాలన్నీ ఏకరువు పెట్టాడు. కామాక్షయ్య అన్నీ విని, గంభీరంగా తలూపాడు. తలూపడంలో ఆ జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడు.

మరో రెండు సాయంత్రాలు పరీక్ష పెట్టారు. మరో రెండుసార్లు నోళ్లు మూసుకుని ఊరు మోగింది. మూడో రోజు పెట్టె మూసుకుంది. "స్థలం పరీక్షకు అనువు కాదు" అని రాసుకుని, బూట్లలో ఇసకతో సహా జీపు వెళ్లిపోయింది. ఆ వారం నుంచి విమానం రాలేదు. కచిడి మళ్లీ త్రేన్చింది.

నెల తర్వాత తపాలా మనిషి అచ్చు కాగితం ఒకటి తెచ్చి ముత్యాలయ్యకు చదివి వినిపించాడు. యంత్రపరీక్ష వేరే తీరాన జరిగిందట. విమానం నెగ్గిందట, సర్టిఫికెట్టు వచ్చిందట, ఇకమీదట ఆ తీరం మీదుగానే ఎగురుతుందట. చెవుల పరీక్ష మాత్రం పట్టపుపాళెంలో జరిగినదే ఖాయం చేశారు. పదిమంది శ్రోతలూ ఏకగ్రీవంగా ఏమీ వినపడలేదన్నారు కనుక, అందులో ఒకరు వేటలో చెవినే పనిముట్టుగా వాడే నిపుణుడు కనుక, ముత్యాలయ్య అనే ఆ శ్రోతకు శాఖ తరపున ప్రత్యేక కృతజ్ఞతలు.

"నీ పేరు అచ్చులో పడిందే!" అన్నాడు తపాలా మనిషి సంబరంగా.

ముత్యాలయ్య కాగితం మడిచి మొలలో దోపాడు. అక్కడ వేలికి ఏవో గుచ్చుకున్నాయి.

ఆ సాయంత్రం తెప్ప మీద కామాక్షయ్య కూడా ఉన్నాడు. ఆయన ఇప్పుడు రోజూ వస్తున్నాడు, సొంత తెడ్డు చెక్కించుకుని మరీ. ఇద్దరూ చెరో పక్క ఎముకలకు కర్రలు ఆనించుకుని కూర్చున్నారు. కింద మంద నిండుగా గురగురమంటోంది. ముత్యాలయ్య చెయ్యి ఎత్తలేదు. ఆ వేరే తీరాన, ఈ వేళకే, ఎవడో తెడ్డు దించుకుని కూర్చుని ఉంటాడు. వాడికి నెల్లూరు తెలియదు, రంగనాయకులు తెలియదు. ఎవరి వేలిముద్ర తన నెత్తిమీద ఎగురుతోందో అసలే తెలియదు.

మొలలోంచి అయిదు గవ్వలు తీశాడు. ఒక్కొక్కటే నీళ్లలో వేశాడు.

కాపు కళ్లు తెరిచాడు. "ఏందిరా అది? టప్పు టప్పుమని అయిదుసార్లు?"

ముత్యాలయ్య తన తెడ్డు ఆకును ఎత్తి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. పిడి ఆయన ఎముకకు ఆనించాడు.

"గవ్వలు మామా. ఆ పొద్దు చిప్పలో ఎయ్యాల్సినయ్యి."

ఆ కాస్త చప్పుడుకే కింద కచిడి నోరు మూసుకుంది. మళ్లీ త్రేన్చేదాకా ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.